బ్రంచ్ రిసెప్షన్ పెట్టుకునేవాళ్ళు ఇది చదివాకే అడ్వాన్స్ కట్టండి

నిన్న మా చెల్లి పెళ్ళయింది. ఇంకా బ్యాగులు కూడా విప్పలేదు, రాత్రంతా నిద్ర లేదు, కోపం మాత్రం నిండుగా ఉంది. అచ్చుతప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

కేటరింగ్ వాళ్ళ పేరు రాయను, రాయక్కర్లేదు కూడా. లేత గులాబీ రంగు పేజీ, ప్రతి రీల్లోనూ అదే నురగ కాఫీ కప్పు, "పొద్దుటి పెళ్ళిళ్ళకి మేమే స్పెషలిస్టులం" అన్న ముక్క. చూసినవాళ్ళకి ఈపాటికే అర్థమైపోయుంటుంది.

సంగతి క్లుప్తంగా చెప్తా. పొద్దున్నే పెళ్ళి, 10:30కి బ్రంచ్, 1:30కల్లా అందరూ ఎవరి దారిన వాళ్ళు. రాత్రి రిసెప్షన్ వద్దంటే వద్దని చెల్లి పట్టుబట్టింది. నిజానికి మంచి ఆలోచనే. పెద్దవాళ్ళు, చంటిపిల్లలున్నవాళ్ళు హాయిగా వచ్చి వెళ్ళొచ్చు, హాలు కూడా పొద్దునపూట తేలిగ్గా దొరుకుతుంది. ఆలోచన దానిది, చెడగొట్టింది నేను. ఎందుకంటే వీళ్ళని వెతికి పట్టుకొచ్చిన ఘనత నాదే. 12 మందితో మాట్లాడి, రివ్యూలన్నీ చదివి, ఏరి కోరి మరీ తెచ్చుకున్నాను.

నేను గట్టిగా అడిగింది రెండే. గుడ్లు అక్కడికక్కడే వేసిచ్చే లైవ్ కౌంటర్, కాఫీ మెషీన్ దగ్గర ఒక మనిషి. మిగతావి ఎలా చేసినా సరేనన్నాను. బ్రంచ్‌లో చాలావరకు ముందే చేసి పెట్టుకోవచ్చు, గుడ్లతో మాత్రం కుదరదు. వేడి ట్రేలో ఎక్కువసేపు ఉంచితే పచ్చసొనలోని ఇనుము, తెల్లసొనలోని గంధకం కలిసి గుడ్డు మీద ఆకుపచ్చ, బూడిద రంగు తిరుగుతుంది. ఆ రంగు వల్ల ప్రమాదమేమీ లేదు కానీ చూశాక నోట్లో పెట్టుకోబుద్ధి కాదు. ఇదంతా మేనేజర్‌కి ఫోన్లో చెప్తే, "అక్కా, మీరే మా చెఫ్‌కి ట్రైనింగ్ ఇచ్చేట్టున్నారే!" అని నవ్వుతూ వాయిస్ మెసేజ్ పెట్టాడు. ఇద్దరు కుక్‌లు, రెండు పొయ్యిలు, పొద్దున 7కల్లా వ్యాను హాలు దగ్గర, ఇవన్నీ ఆ మెసేజ్‌లోనే ఉన్నాయి. పొంగిపోయాను. ఆ "అక్కా" దగ్గరే పడిపోయాననుకోండి. అడ్వాన్స్ పడేదాకా అక్కా, పడ్డాక మేడమ్. ఈ తేడా అప్పుడు చెవికి ఆనలేదు.

బుకింగ్‌కి 30 శాతం, నెల ముందు 40, సర్వీస్ మొదలయ్యేలోపు మిగతా 30. పెళ్ళిరోజు పొద్దున 6కే మూడో ముక్క కూడా పంపేశాను. "పంపండి మేడమ్, వ్యాన్ బయల్దేరుతోంది" అన్నాడు కదా మరి. తెలివి!

వ్యాన్ 7కి రాలేదు. 8కి రాలేదు. 9కి ఫోన్ ఎత్తలేదు. 10:05కి వచ్చింది. ఇద్దరు కుర్రాళ్ళు, ఒక డ్రైవరు. కుక్ లేడు, పొయ్యి లేదు, అన్నీ మూతపెట్టిన ట్రేలే. అందులో ఒక కుర్రాడు పాపం మంచివాడు, చిన్నగా చెప్పేశాడు: "పొయ్యిలు, వంటవాళ్ళు సాయంత్రం ఫంక్షన్‌కి వెళ్ళిపోయారక్కా. అది పెద్ద ఆర్డరు, రాత్రే పంపించేశారు." అంటే మాది చిన్నదన్నమాట. పొద్దున తినిపోయే బాపతు.

10:50కి జనం ప్లేట్లు పట్టుకుని లైన్లో నిలబడ్డారు. నేను వెళ్ళి మొదటి బఫే డిష్ మూత ఎత్తాను. మూతకి ఆవిరి లేదు. కింద గిన్నెలో నీళ్ళున్నాయి కదా, వేలు ముంచి చూశాను, చల్లగా ఉన్నాయి. దాని కింద వెలిగించాల్సిన జెల్ డబ్బాకి సీలు కూడా ఊడదీయలేదు. వేడిగా పెట్టాల్సిన వంటకం 60 డిగ్రీల పైన ఉండాలి, ఇది చేత్తో పట్టుకునేంత చల్లగా ఉంది. గరిట పెడితే గుడ్ల కూర విడివిడిగా రాలేదు, పలకలా లేచింది. అంచులు ఆకుపచ్చ. నేను ఏ రంగు గురించి రెండు నెలల క్రితం క్లాసు పీకానో సరిగ్గా ఆ రంగు. లైన్లో ముందున్న పెళ్ళికొడుకు అమ్మమ్మగారు ప్లేటు చాపి అడిగారు: "ఇది కేకా అమ్మా?"

భూమి చీలి మింగేస్తే బాగుండనిపించింది.

ఆ ట్రేలు వాళ్ళ వంటింట్లో నింపింది 7:30కట, కుర్రాడే చెప్పాడు. వండినవి అలా చల్లారిపోయి రెండు గంటలు దాటితే పెట్టకూడదన్న జ్ఞానం ఆ మాత్రం ఉంది కాబట్టి గుడ్లు, పాలతో చేసినవి పక్కన పెట్టించేశాను. మిగిలింది రొట్టె, పండ్లు, జ్యూసు. మా చిన్నాన్న పక్క వీధిలోకి పరిగెత్తి కాఫీ ఫ్లాస్కులు తెచ్చాడు. మెషీన్ వచ్చింది లెండి, దానికి పెట్టాల్సిన ప్లగ్గు వైరు రాలేదు. అలంకారానికి అలా నిలబెట్టాం.

11:40కి మేనేజర్ ప్రత్యక్షం. ఇస్త్రీ చొక్కా, చేతిలో కారు తాళం. క్షమాపణ చెప్తాడేమో అనుకున్నాను (నా పిచ్చి). ఏమన్నాడో చదవండి. "బ్రంచ్ అంటేనే లేటుగా తినేది కదా మేడమ్. అందరూ ఇంట్లో ఏదో ఒకటి తినే వస్తారు."

రెండు కుటుంబాల ముందు అన్నాడు ఆ మాట. చెల్లి వింది.

లైవ్ కౌంటర్ ఏదని అడిగాను. అగ్రిమెంట్ తీసి చూపించాడు. అందులో "గుడ్ల వంటకం: 1" అని ఉంది, అంతే. సంతకం నాదే. మీరు వాట్సాప్‌లో చెప్పారు కదా, వాయిస్ కూడా ఉంది అన్నాను. అప్పుడు చేతులు కట్టుకుని, అస్సలు తొణక్కుండా, "చూపించండి మేడమ్, చూపిస్తే ఇక్కడే డబ్బు వాపస్ ఇచ్చేస్తా" అన్నాడు.

ఫోన్ తీశాను. చాట్ తెరిచాను. పైకి జరిపాను, ఇంకా పైకి. లేదు. వాయిస్ లేదు, పొయ్యిల మాట లేదు, 7 గంటల మాట లేదు. పైన తొలిరోజు వచ్చిన "నమస్తే అక్కా" ఉంది, మెనూ కార్డు ఫోటో ఉంది, అకౌంట్ నంబర్ ఉంది, ఈ వారంలో వచ్చిన "పంపండి మేడమ్" ఉంది. మధ్యలో రెండు నెలలు గల్లంతు. నా పక్కన చిన్నాన్న, పెళ్ళికొడుకు బాబాయి, ఇంకో నలుగురు నా ఫోన్లోకి తొంగి చూస్తున్నారు. నేనే అబద్ధమాడుతున్నానేమో అన్న చూపు ఒకరిద్దరి కళ్ళలో కనిపించింది. అతను మాత్రం ఆశ్చర్యపోలేదు. చిన్నగా నవ్వాడు. నా ఫోన్లో ఏముండదో నాకంటే ముందే తెలిసినవాడి నవ్వు అది. తిండి పోయినందుకు కాదు, డబ్బు పోయినందుకూ కాదు, ఆ నవ్వు కోసమే ఇదంతా రాస్తున్నాను.

సంగతేంటో రాత్రి అర్థమైంది. బుకింగ్ మాటలు మొదలయ్యే ముందే అతను మా చాట్‌లో మెసేజ్‌లు 7 రోజులకి వాటంతటవే పోయేలా పెట్టాడు. వాట్సాప్‌లో అది ఇద్దరిలో ఎవరైనా పెట్టొచ్చు, 24 గంటలు, 7 రోజులు, 90 రోజులు అని మూడు గడువులున్నాయి. పెట్టాక వచ్చినవే పోతాయి, అంతకుముందువి ఉంటాయి. అందుకే మాట పోయి అకౌంట్ నంబర్ మిగిలింది. దొంగచాటుగా ఏమీ చేయలేదు కూడా, చాట్ మధ్యలో బూడిద రంగు అక్షరాలతో ఆ విషయం కనబడుతూనే ఉంది. ఇదేంటని అడిగితే "కస్టమర్ల ప్రైవసీ కోసం అక్కా" అన్నాడు. అబ్బ, ఎంత పద్ధతైన మనిషో అనుకుని బొటనవేలు ఎత్తి పెట్టాను. ఆ బొటనవేలు కూడా ఇప్పుడు లేదు, నా తెలివితక్కువతనానికి ఆ ఒక్క సాక్ష్యమైనా మిగల్లేదు.

ఒక్కటి మాత్రం ఒప్పుకుంటా. 160 మందికి గ్యారంటీ ఇచ్చాం, వచ్చింది 142, అయినా 160కే కట్టాం. అందులో వాళ్ళ తప్పు లేదు, గ్యారంటీ లెక్క అంటే అదే. నా గొడవ అది కాదు.

డబ్బు వాపస్ అడిగితే, "పండ్లు తిన్నారు కదా మేడమ్" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. తిన్నాం.

బ్రంచ్ పెట్టుకునేవాళ్ళు అదే రోజు సాయంత్రం వాళ్ళకి ఇంకో ఆర్డరుందేమో అడిగి, మీ కుక్‌లు, మీ పొయ్యిలు ఎవరి దగ్గరుంటాయో కాగితం మీద రాయించుకోండి. చాట్‌లో ఆ బూడిద రంగు లైన్ కనిపిస్తే అక్కడితో ఆపి, మెయిల్లో మాట్లాడండి. కొంత మొత్తమైనా భోజనాలయ్యాకే ఇవ్వండి. ఇంకేం చెప్పాలో తోచట్లేదు, తల పగిలిపోతోంది.

ఇది రాస్తుండగానే అతని దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. "మేడమ్, మా సర్వీస్ నచ్చితే 5 స్టార్లు ఇవ్వగలరు." 7 రోజుల్లో ఇది కూడా మాయమైపోతుంది. స్క్రీన్‌షాట్ తీసుకున్నాను.