వీణకు పారా డీఐ: రెండేళ్లు వాడాక

ఎల్.ఆర్. బాగ్స్ వాళ్ల పారా డీఐ అకౌస్టిక్ గిటారు వాళ్లను దృష్టిలో పెట్టుకుని చేసిన ప్రీయాంప్, అంటే మైకు సిగ్నల్ మిక్సర్‌కు వెళ్లేముందు దాన్ని బలపరిచి సరిచేసే చిన్న పెట్టె. నేను వాయించేది బొబ్బిలి వీణ, పనస చెట్టు ఒకే దుంగలో తొలిచిన ఏకాండి. అమెరికాలో ఉన్న మా మేనల్లుడు రెండేళ్ల కిందట ఈ పెట్టె తెచ్చిచ్చాడు. కాంటాక్ట్ మైకుతో (వీణకే అంటించి దాని కదలికను పట్టే మైకు) కచేరీలు చేసే వాళ్లు ఫోన్లు చేసి అడుగుతున్నారు, అందుకే వివరంగా రాస్తున్నాను.

ఇది రాకముందు గుళ్లో కచేరీ అంటే నాకు గుండె దడే. మైక్ సెట్ అబ్బాయి కాంటాక్ట్ మైకు వైరు తీసుకెళ్లి నేరుగా మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌లో గుచ్చేవాడు. మొదటి తీగ సారణి మీటితే రేకు డబ్బా మీద గోటితో కొట్టినట్టు వినిపించేది. అన్నిటికన్నా కింది స్థాయి తీగ అనుమంద్రం మీటితే వీణ కుండ వణుకు నా మోకాలికి తెలిసేది గానీ హాల్లోకి వెళ్లేది కాదు. ఒకసారి భైరవి ఆలాపనలో మంద్రానికి దిగి, అక్కడే నిలిచి చాలా ఇష్టంగా వాయించాను. కచేరీ అయ్యాక ముందు వరసలో కూర్చున్న మా పెద్దత్తయ్య, "మధ్యలో కాసేపు ఆపేశావేమ్మా?" అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తప్పు మైకుదీ కాదు, ఆ అబ్బాయిదీ కాదు. కాంటాక్ట్ మైకులో ఉండేది పీజో బిళ్ల, కదలికను కరెంటు సిగ్నల్‌గా మార్చేది. దాని సిగ్నల్ చాలా సున్నితం. ఎదుటి ఇన్‌పుట్ నిరోధం తక్కువైతే ముందుగా పోయేది మంద్రమే. మిక్సర్ లైన్ ఇన్‌పుట్ మామూలుగా 10 కిలో ఓమ్‌ల దగ్గర ఉంటుంది. పారా డీఐది 10 మెగా ఓమ్‌లు, అంటే వెయ్యి రెట్లు. మూడు శ్రుతిలో నా అనుమంద్ర పంచమం 62 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. ఈ పెట్టె పెట్టిన మొదటి రోజు అది స్పీకర్లోంచి వినపడగానే చెయ్యి ఆపేసి కాసేపు అలాగే కూర్చుండిపోయాను.

సరిచేసుకోవడానికి మాత్రం నాకు నెల పట్టింది. మొదట్లో చేసిన తప్పేమిటంటే, గెయిన్ (సిగ్నల్‌ను ఎంత పెంచాలో చెప్పే నాబ్) పెట్టేటప్పుడు మెల్లగా ఒక వర్ణం వాయించి చూసుకున్నాను. కచేరీలో తానం (ఆలాపన తరువాత లయతో జోరుగా మీటే భాగం) మొదలుపెట్టి, మీటుతో పాటు తాళపు తీగలు కూడా గట్టిగా తగిలేసరికి శబ్దం చీలిపోయింది. ఇప్పుడు తానంతోనే గెయిన్ పెడతాను. అది కూడా నా శిష్యురాలిని కూర్చోబెట్టి వాయించమని, నేను హాలు మధ్యకు వెళ్లి వింటాను. కుండ పక్కన కూర్చున్న వాళ్లకు అసలు వీణ నాదమే ఎక్కువ వినిపిస్తుంది, స్పీకర్లో ఏం పోతోందో తెలియదు. కింది స్థాయి నుంచి పై స్థాయి దాకా నాదాన్ని పెంచి తగ్గించే నాబ్‌లు లో, మిడ్, ప్రెజెన్స్, ట్రెబుల్ అన్నీ మధ్యలో పెట్టి మొదలుపెట్టాలి.

తరువాత ఫేజ్ బటన్. ఇది చాలామంది ముట్టుకోరు. స్టేజి మీద మానిటర్ నుంచి వచ్చే శబ్దం కుండను కదిలిస్తుంది, కుండ మళ్లీ మైకును కదిలిస్తుంది. ఆ రెండు కదలికలూ ఒకే తాళంలో పడితే గుయ్ మని పట్టుకుంటుంది. బటన్ నొక్కితే సిగ్నల్ తిరగబడుతుంది, కొన్ని హాళ్లలో ఆ గోల అక్కడితో తగ్గిపోతుంది. నొక్కి విని, తీసి విని, ఏది ప్రశాంతంగా ఉంటే అది ఉంచేస్తాను.

అప్పటికీ పట్టుకుంటుంటే నాచ్, అంటే ఒక్క స్థాయి దగ్గర మాత్రమే శబ్దాన్ని కోసేది. నాకు ఈ పెట్టెలో అన్నిటికన్నా విలువైనది ఇదే. వాల్యూమ్ కొంచెం కొంచెం పెంచుతూ కుండ మూలగడం మొదలయ్యేదాకా ఆగాలి. నాచ్ కోత పెంచి, ట్యూన్ నాబ్‌ను చీమ నడిచినంత మెల్లగా తిప్పుతూ ఆ మూలుగు ఎక్కడ ఆగిపోతుందో పట్టుకోవాలి. నా వీణకు అది మంద్ర పంచమం పక్కనే దొరికింది. సంతోషించి అక్కడే ఉంచేశాను. మర్నాడు సాధనలో పంచమం తీగ ఉత్తగా మీటితే జలుబు చేసిన గొంతులా వచ్చింది. నాచ్ నా పంచమాన్నే మింగేస్తోంది! నాబ్ వెంట్రుకవాసి కిందికి జరిపి, కోత సగానికి తగ్గించాను. మూలుగూ పోయింది, పంచమమూ మిగిలింది. చేత్తో తిప్పితే కనపడనంత తేడా అది.

ప్రెజెన్స్ కొద్దిగా తగ్గిస్తే మీటుకు వచ్చే 'టక్' మెత్తబడుతుంది. మరీ తగ్గిస్తే గమకం చివర తీగ సాగే శబ్దం కూడా పోతుంది, అది నేను వదులుకోను. లో నాబ్ మధ్యలోనే ఉంచుతాను. హమ్ (కరెంటు వల్ల వచ్చే గుమ్మనే మోత) వస్తోందని మైక్ సెట్ వాళ్లు బేస్ తగ్గించబోతే ఆపుతాను. కరెంటు హమ్ 50 హెర్ట్జ్, నా అనుమంద్రం దాని పక్కింట్లోనే ఉంది.

కరెంటు సంగతి. మిక్సర్‌లో 48 వోల్టుల ఫాంటమ్ (మైకు వైరులోనే మిక్సర్ పంపే కరెంటు) ఉంటే ఎక్స్‌ఎల్‌ఆర్ అనే మూడు పిన్నుల మైకు వైరు ద్వారానే పెట్టె నడుస్తుంది. చిన్న గుళ్లలో ఆ మిక్సర్లు ఉండవు, 9 వోల్టుల బ్యాటరీయే గతి. పోయిన ఏడాది పాత బ్యాటరీతో వెళ్లి పల్లవి మధ్యలో శబ్దం సన్నబడి ఆగిపోయింది. నిర్లక్ష్యం నాదే. ఇప్పుడు ప్రతి కచేరీకి కొత్తది వేస్తాను, తంబూరా పెట్టె పక్కన ఇంకోటి ఉంచుకుంటాను.

ధర తక్కువేం కాదు. ఇంట్లో నేర్చుకునే వాళ్లకు, మైకు ముందు పెట్టి వాయించే చిన్న బైఠక్‌లకు ఇది అవసరం లేదు. మృదంగం, ఘటం పక్కన కూర్చుని వెయ్యి మందికి వినిపించాలంటే మాత్రం కొనుక్కోండి.

ప్రతి నాబ్ గీత ఎదురుగా పెట్టె మీద ఒక స్టిక్కర్ బొట్టు అంటించుకున్నాను. మొన్న నవరాత్రుల్లో కొత్త గుడిలో కూర్చుని పది నిమిషాల్లో అన్నీ బొట్ల దగ్గరికి తిప్పేశాను. అక్కడి అబ్బాయి వంగి చూసి, "అమ్మగారూ, ఈ ఎర్ర బొట్టు దగ్గరి నాబ్ ఒక్కటే కొంచెం పక్కకి జరిపారేం?" అన్నాడు. అది నాచ్‌ది. ఆ మండపం రాతిది, కుండ ఇంకోచోట మూలిగింది.