మారిస్ ష్వార్ట్జ్ నటన: ‘అంకుల్ మోసెస్’ ముందా, ‘తెవ్యా’ ముందా?

తూర్పు యూరప్ యూదుల ఇళ్లలో మాట్లాడుకునే భాష యిడ్డిష్. వలస వెళ్లిన వాళ్లతో పాటు ఆ భాష నాటకాలు కూడా న్యూయార్క్ చేరాయి. 1918లో అక్కడ యిడ్డిష్ ఆర్ట్ థియేటర్ పెట్టిన మారిస్ ష్వార్ట్జ్ నటుడూ దర్శకుడూ కూడా. ఆయన సినిమాల్లో తప్పక చూడాల్సినవి రెండు.

ఎక్కువమంది ‘తెవ్యా’ (1939) పేరే చెప్తారు. దీనికి ఆధారమైన యిడ్డిష్ రచయిత షోలెం అలైఖెం కథలే తర్వాత ‘ఫిడ్లర్ ఆన్ ది రూఫ్’ అనే పేరున్న పాటల నాటకం అయ్యాయి కాబట్టి ఆసక్తి సహజం. కానీ ఇందులో పాటల సందడి ఆశించకండి. ఒకే కూతురి కథ ఇది: ఖావా మతం మారి ఊళ్లో కుర్రాణ్ణి పెళ్లాడుతుంది, తండ్రి తెవ్యా ఆమెను చచ్చిపోయినట్టే లెక్కగట్టి శోకం పాటిస్తాడు. ఈ కథను ష్వార్ట్జ్ 1919లోనే స్టేజీ మీద ఆడాడు. ఇరవై ఏళ్లకు తనే దర్శకుడై, న్యూయార్క్ పక్కనున్న లాంగ్ ఐలండ్ పొలాలను యుక్రెయిన్ పల్లెగా మార్చి తీశాడు. యూరప్‌లో యుద్ధం ముంచుకొచ్చిన రోజులవి. ఆ భయం సినిమాలోకీ పాకింది. యూదులు కాని ఊరివాళ్లంతా దాదాపు దుర్మార్గులే, అది నాకు నచ్చలేదు. అయినా, తలుపు మూసేసుకున్న తండ్రిగా ష్వార్ట్జ్ మొహం చూస్తే గొంతు పట్టేస్తుంది. 1991లో అమెరికా జాతీయ చలనచిత్ర జాబితాలోకి దీన్ని ఎంపిక చేశారు.

ష్వార్ట్జ్‌లోని నటుడి కోసమైతే మాత్రం నా ఓటు ‘అంకుల్ మోసెస్’ (1932)కే. మరో యిడ్డిష్ రచయిత షోలెం ఆష్ నవల దీనికి ఆధారం. మోసెస్ బట్టలు కుట్టించే వర్క్‌షాప్ యజమాని. సొంతూరి జనాన్నే పనిలో పెట్టుకుని పోషిస్తాడు, పీడిస్తాడు కూడా. తన దగ్గర పనిచేసేవాడి కూతురు, వయసులో చాలా చిన్నది, ఆమె మీద మనసు పడతాడు. ఆమె ప్రేమించింది కార్మిక యూనియన్ కుర్రాణ్ణి, మోసెస్‌తో పెళ్లికి ఒప్పుకున్నది ఇంటివాళ్ల కోసం. టాకీల తొలిరోజులు కాబట్టి కెమెరా పెద్దగా కదలదు. అదే మేలైంది, ష్వార్ట్జ్ చేతులూ నడకా మన ముందే స్టేజీ మీద ఉన్నట్టు కనిపిస్తాయి. తెవ్యా మీద జాలి కలగడం తేలిక. ఈ మోసెస్ మీద కోపం, నవ్వు, జాలి ఒకేసారి వస్తాయి.

హాలీవుడ్ ఆయనకిచ్చినవి చిన్న పాత్రలే. 1951లో ‘బర్డ్ ఆఫ్ ప్యారడైజ్’లో ద్వీపవాసుల పూజారి వేషం కట్టించారు. మొత్తం కెరీర్ చూసి తీరాలనే పట్టుదల ఉంటే తప్ప దాని జోలికి వెళ్లక్కర్లేదు.