మడమ కింద పెట్టుకునే హీల్ లిఫ్ట్‌లు: మూడు నెలలు వాడాక నా మాట

పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వెయ్యగానే మడమ వెనక కర్రలా బిగుసుకుపోయి, పదడుగులు నడిస్తే గానీ వదిలేది కాదు. మనం 'మడమ నరం పట్టేసింది' అంటాం గానీ అది నరం కాదు, పిక్క కండరాలను మడమ ఎముకకు కలిపే అకిలిస్ టెండన్. డాక్టర్ పిక్క నుంచి కిందికి బొటనవేలితో నొక్కుకుంటూ వచ్చి, సరిగ్గా టెండన్ ఎముకకు అతుక్కునే చోట నొక్కేసరికి ప్రాణం పోయినంత పనైంది. అప్పుడు వాడమన్నవే ఇవి.

చిన్న వస్తువే. మడమ వైపు మందంగా, ముందుకి వచ్చేసరికి పల్చగా, మూడు పొరలు ఒకదాని మీద ఒకటి అంటించి ఉంటాయి. షూలో పెట్టుకుంటే మడమ కొంచెం పైకి లేచి, టెండన్ సాగడమూ ఎముకకేసి ఒత్తుకోవడమూ తగ్గుతాయి. వారంలోనే నడక తేలికైంది, అది నిజం. అంతకుముందు మెత్తటి జెల్‌వి కొన్నాను గానీ అవి అడుగు పడగానే అణిగిపోయేవి, ఇక ఎత్తు ఏం మిగులుతుంది? గట్టివే తీసుకోండి. నొప్పి ఒక కాలికే ఉన్నా రెండు షూల్లోనూ పెట్టుకోవాలి, ఒక్కదానికే పెడితే కాళ్ల ఎత్తులో తేడా వచ్చి నడుము పట్టేస్తుంది, నాకు పట్టేసింది.

ఇబ్బందులూ ఉన్నాయి. వెనక భాగం లోతు లేని షూలో మడమ పైకి జారి, నొప్పి ఉన్న చోటే అంచు రాసుకుంటుంది. చెమటకి కింది జిగురు ఊడి ముందుకి జరిగిపోతే రెండువైపులా అంటుకునే టేప్ వేశాను.

నాకు కోపం వచ్చింది మాత్రం డబ్బాలోని కాగితం మీద. మెట్టు అంచున నిలబడి మడమను కిందికి దించే వ్యాయామం బొమ్మ వేసి, అందరినీ అదే చెయ్యమన్నారు. ఆ పద్ధతి మంచిదే, స్వీడన్ డాక్టర్ ఆల్ఫ్రెడ్‌సన్ 1998లో ప్రచురించింది, మోకాలు నిటారుగా ఒకసారి, కొంచెం వంచి ఒకసారి, 15 చొప్పున మూడేసి సెట్లు, రోజుకి రెండుసార్లు, 12 వారాలు. కానీ అది మడమకి 2 నుంచి 6 సెంటీమీటర్ల పైన నొప్పి ఉన్నవాళ్లకి. నాలాగా ఎముక దగ్గరే నొప్పి ఉంటే, మడమ మెట్టు కంటే కిందికి దిగిన ప్రతిసారీ టెండన్ ఎముకకి నొక్కుకుని ఇంకా రేగుతుంది. పది రోజులు ఆ బొమ్మ చూసి చేసి నొప్పి పెంచుకున్నాక, ఫిజియో సమతలం నేల మీదే చేయించారు. కాస్త నొప్పి ఉన్నా పర్లేదు, మర్నాడు పొద్దున్నకి ఎక్కువ కాకూడదు, అదే కొలత అన్నారు. ఈ ఒక్క ముక్క ఆ కాగితం మీద రాస్తే ఏం పోయింది?

ఇంకోటి, సిప్రోఫ్లాక్సాసిన్ రకం యాంటీబయాటిక్స్ ఈ టెండన్‌ని దెబ్బతియ్యగలవు, వాడుతుంటే డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. వెనక నుంచి ఎవరో తన్నినట్టు ఫట్‌మని అనిపించి మునివేళ్ల మీద లేవలేకపోతే హీల్ లిఫ్ట్‌లతో కాలక్షేపం చెయ్యకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

కొనచ్చా అంటే, కొనండి, వ్యాయామం మానకుండా చేసేవాళ్లయితేనే. నేను మూడు పొరల్లో రెండు తీసేశాను. ఒక్కోటి తీసిన రెండు మూడు రోజులు పట్టేసినట్టుండి తర్వాత సర్దుకుంది. ఆఖరిది ఇంకో రెండు వారాలు ఉంచుతాను.