ట్రాక్షన్ కంట్రోల్ లైటు వెలిగితే ఐదొందల డాంగిల్ సరిపోతుందా?

బెంగళూరులో నాలుగు గట్టి వానలు పడి అండర్‌పాసులు నిండాయంటే, డాష్‌బోర్డులో ట్రాక్షన్ కంట్రోల్ (చక్రాలు జారకుండా చూసేది) లైటూ ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) లైటూ జంటగా వెలిగే కార్లు ఎక్కువవుతాయి. చాలామంది వెంటనే ఎస్పీ రోడ్డులోనో ఆన్‌లైన్లోనో అయిదారు వందలు పెట్టి, కారు ఓబీడీ పోర్టుకి తగిలిస్తే లోపాల కోడ్లను ఫోన్లో చూపించే ఈఎల్ఎం 327 బ్లూటూత్ డాంగిల్ కొంటారు. చెక్ ఇంజన్ లైటుకి అది చక్కటి పనిముట్టు. ట్రాక్షన్ కంట్రోల్‌కి మాత్రం చాలా కార్లలో అక్కరకు రాదు.

కారణం ఇదీ. ఓబీడీ (కారు తన లోపాలను తానే పట్టి చెప్పే వ్యవస్థ) నిబంధన ప్రకారం కంపెనీలన్నీ ఒకే తీరుగా బయటపెట్టాల్సింది పొగ కాలుష్యానికి సంబంధించిన సమాచారమే. మామూలు యాప్‌లు అడిగేవి పి అక్షరంతో మొదలయ్యే ఆ కోడ్లే. ట్రాక్షన్ కంట్రోల్ నడిచేది ఏబీఎస్ మాడ్యూల్లో, అంటే ఏబీఎస్‌ని నడిపే చిన్న కంప్యూటర్లో. దాని కోడ్లు ఎక్కువగా సి అక్షరంతో మొదలవుతాయి, వాటిని అడిగే పద్ధతి కంపెనీకొకటి. అందుకే ఎదురుగా లైటు వెలుగుతున్నా యాప్‌లో ‘ఫాల్ట్ లేదు’ అని వస్తుంది. దాన్ని నమ్మి బండి బాగానే ఉందనుకోకండి.

ఫోర్డ్ వాళ్ల సంగతి వేరు. ఎకోస్పోర్ట్, ఫిగో లాంటివి ఉంటే ఫోర్‌స్కాన్ యాప్ వేసుకోండి, పనిచేసే ఈఎల్ఎం డాంగిల్‌తోనే ఏబీఎస్ కోడ్లు, చక్రాల వేగాలు కనిపిస్తాయి. ఐఫోన్ అయితే పాత తరహా బ్లూటూత్ డాంగిల్ కుదరదు, బీఎల్ఈ (తక్కువ కరెంటుతో నడిచే కొత్త తరహా బ్లూటూత్) రకమో వైఫై రకమో తీసుకోవాలి. పెట్టె మీద ‘వి1.5’ అని ఉంటే అది నకలు చిప్పే. అసలు చిప్ తయారుచేసిన ఎల్మ్ ఎలక్ట్రానిక్స్ ఆ వెర్షన్ ఎప్పుడూ విడుదల చేయలేదు. ఏ డాంగిల్ అయినా పని అయ్యాక తీసేయండి. ఓబీడీ పోర్టులో 16వ పిన్నుకి ఇగ్నిషన్ ఆపినా కరెంటు ఉంటుంది, రోజుల తరబడి వదిలేస్తే బ్యాటరీ దిగిపోతుంది.

మిగతా కార్లకి ఇంజన్, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్, గేర్‌బాక్స్ నాలుగూ చదివే హ్యాండ్‌హెల్డ్ స్కానర్ కావాలి. ధర డాంగిల్‌కి ఎన్నో రెట్లు. అయినా ఇంట్లో రెండు కార్లున్నా, అపార్ట్‌మెంట్లో నలుగురు కలిసి కొనుక్కున్నా దండగ కాదు. దాని విలువ కోడ్ చదవడంలో కన్నా లైవ్ డేటాలో, అంటే బండి నడుస్తుండగా సెన్సర్లు చెప్పే అంకెల్లో ఉంది. ఉదాహరణకి సి0035 వచ్చిందంటే ముందువైపు ఎడమ చక్రం వేగం కొలిచే సెన్సర్ సర్క్యూట్లో తేడా ఉందని. సర్క్యూట్ అంటే సెన్సర్ ఒక్కటే కాదు: వైరు, కనెక్టర్, టోన్ రింగ్ (చక్రంతో పాటు తిరిగే పళ్ల రింగు) అన్నీ. గ్యారేజీల్లో కోడ్ చూడగానే సెన్సర్ మార్చేస్తారు, వారానికి లైటు మళ్లీ వస్తుంది. డబ్బు వృథా అయ్యేది ఇక్కడే.

లైవ్ డేటాలో నాలుగు చక్రాల వేగాలూ ఒకే గ్రాఫ్‌లో పెట్టి, ఖాళీ రోడ్డు మీద తిన్నగా 20-30 కి.మీ. వేగంతో నడపండి. స్క్రీన్ చూసే పని పక్క సీట్లో వాళ్లది. ఒక గీత పూర్తిగా సున్నాలో ఉంటే వైరో సెన్సరో తెగింది. చక్రం తిరిగిన ప్రతిసారీ ఒకే చోట గీత పడిపోతుంటే టోన్ రింగు పగిలింది, లేదా ఎన్‌కోడర్ (టోన్ రింగు బదులుండే అయస్కాంత రింగు) దెబ్బతింది. స్టీరింగ్ తిప్పినప్పుడో స్పీడ్ బ్రేకర్ మీదో మాత్రమే తెగుతుంటే హార్నెస్ (వైర్ల కట్ట) లోపల తీగ విరిగింది, అప్పుడు సెన్సర్ కొనకండి. ఆగబోయే ముందు ఒకటి మిగతావాటికన్నా ముందే సున్నా అయిపోతే సెన్సర్ కొసకి ఇనుప రజను పట్టిందేమో, దాని కింద తుప్పు ఉబ్బి గ్యాప్ పెరిగిందేమో చూడాలి. ఒక చక్రం ఎప్పుడూ కొద్దిగా తేడాగా చూపిస్తుంటే టైరు సైజు చూడండి. 185/65 ఆర్15 పక్కన 195/65 ఆర్15 వేస్తే వ్యాసంలో దాదాపు 2 శాతం తేడా వస్తుంది.

మల్టీమీటర్ పట్టే ముందు సెన్సర్ రకం తెలుసుకోండి. పాత పాసివ్ రకానికి ఓమ్స్ కొలవొచ్చు, సాధారణంగా 800 నుంచి 2000 మధ్య వస్తుంది. ఇప్పటి కార్లలో ఎక్కువగా ఉండే యాక్టివ్ రకానికి ఓమ్స్ కొలత పనికిరాదు. అది చక్రం తిరిగేకొద్దీ సుమారు 7, 14 మిల్లీ యాంపియర్ల మధ్య మారే సిగ్నల్ ఇస్తుంది. దానికి కనెక్టర్ విప్పి, ఇగ్నిషన్ వేసి, మాడ్యూల్ వైపు నుంచి వోల్టేజీ వస్తోందా అని చూస్తే చాలు. పిన్నుల మీద పచ్చటి చిలుము కనిపిస్తే నీళ్లు లోపలికి చేరాయన్నమాట.

వీల్ బేరింగ్ మార్చిన వెంటనే లైటు వస్తే అనుమానం బేరింగ్ మీదే పెట్టండి. చాలా వాటిలో అయస్కాంత ఎన్‌కోడర్ సీలులోనే ఉంటుంది. తిరగేసి బిగించినా, ఆ వైపు సుత్తితో కొట్టినా సెన్సర్‌కి సిగ్నల్ అందదు. అలైన్‌మెంట్ తర్వాత వస్తే స్కానర్లో స్టీరింగ్ యాంగిల్ (స్టీరింగ్ తిరిగిన కోణం) చూడండి. చక్రాలు తిన్నగా ఉన్నప్పుడు సున్నాకి దగ్గరగా ఉండాలి. స్కానర్ కొనేటప్పుడే ఈ కోణాన్ని సరిచేసే స్టీరింగ్ రీసెట్ ఉందో లేదో కనుక్కోండి, చాలా చవక మోడళ్లలో ఉండదు. బ్రేక్ లైటు స్విచ్చి, బ్యాటరీ బలహీనత కూడా ఈ లైటు వెలిగిస్తాయి. ఇంజన్ మిస్‌ఫైర్ అవుతున్నా (సిలిండర్లో ఇంధనం సరిగా మండకపోయినా) చాలా కార్లు ట్రాక్షన్ కంట్రోల్ ఆపేస్తాయి, అలాంటప్పుడు ముందు పి కోడ్ సరిచేయాలి. ఆ కోడ్ చదివే పని డాంగిల్‌తోనే అయిపోతుంది.

సెన్సర్ మార్చి, కోడ్ తుడిచాక లైటు అక్కడికక్కడే పోలేదని కంగారుపడకండి. కొన్ని కార్లలో కాస్త వేగం అందుకుని మాడ్యూల్ తనను తాను పరీక్షించుకున్నాకే ఆరుతుంది.

స్కానర్ పెట్టె మీద ‘అన్ని కార్లకీ’ అని రాసి ఉన్నా డబ్బు ఇచ్చే ముందు మీ కారుకే తగిలించి చూపించమనండి. మీ మోడల్ కింద ఏబీఎస్ మెనూ తెరుచుకోవాలి, అందులో నాలుగు చక్రాల వేగాలూ కదలాలి. కోడ్లు మాత్రమే చూపించి లైవ్ డేటా ఇవ్వకపోతే దాన్ని వదిలేయండి.