పాత ఎస్‌యూవీ వేడెక్కుతోందా? రేడియేటర్ బాగు చేయించడం మేలా, కొత్తది బిగించడం మేలా?

ఇంజను వేడి చూపే మీటరు ముల్లు పైకి పోగానే రేడియేటర్ మీద పడకండి. ముందు అది ఎక్కడ పైకి పోతోందో గమనించండి. పంజాగుట్ట సిగ్నల్ దగ్గర పెరిగి, బండి కదలగానే దిగితే గాలి చాలడం లేదని అర్థం. ఔటర్ రింగ్ రోడ్డు మీద వేగంగా పోతుంటే పెరుగుతూ ఉంటే లోపల నీళ్లు సరిగా తిరగడం లేదని అనుమానించాలి. మొదటి రకం దోషానికి చాలాసార్లు రేడియేటర్ విప్పే పనే ఉండదు.

సిగ్నల్ దగ్గర వేడెక్కే బండికి ఫ్యాన్ చూడండి. బెల్టుతో తిరిగే విస్కస్ ఫ్యాన్ (వేడెక్కితే పట్టు పెంచే ద్రవపు క్లచ్ ఉన్నది) అయితే, ఇంజను వేడెక్కాక ఆపి, తాళం తీసేసి, చేత్తో తిప్పండి. గట్టిగా అడ్డుకోవాలి. విదిలిస్తే నాలుగైదు చుట్లు తేలిగ్గా తిరిగిందంటే ఆ ఫ్యాన్ క్లచ్ పోయినట్టే. తర్వాత ముందు వైపుండే ఏసీ కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య సందులో టార్చి వేసి చూడండి. దుమ్ము, పురుగులు, పాలిథిన్ ముక్కలు అక్కడే ఇరుక్కుంటాయి. ఇంజను వైపు నుంచి బయటికి మామూలు పైపుతో నీళ్లు కొట్టాలి. ప్రెషర్ వాషర్ దగ్గరగా పెడితే రేడియేటర్ సన్నని రెక్కలు వంగి, ఉన్న గాలి దారీ మూసుకుపోతుంది.

రేడియేటర్ లోపలి దోషమే అని తేలితే, బాగు చేయించాలా మార్చాలా అన్నది రేడియేటర్ దేనితో చేశారన్న దాన్నిబట్టి ఉంటుంది.

పాత మహీంద్రా జీపుల్లో ఉండే రాగి, ఇత్తడి రేడియేటర్ అయితే బాగు చేయించడమే మేలు. ట్యాంకు అతుకు కరిగించి తీస్తారు, గొట్టాల్లో సన్నని కమ్మీ దూర్చి తుప్పు, సున్నం తోస్తారు, మళ్లీ టంకం వేస్తారు. తీసుకునే ముందు గాలి ఎక్కించి, నీళ్ల తొట్టిలో ముంచి మీ ముందే చూపించమనండి. ‘యాసిడ్‌తో కడిగేస్తాం, నిమిషాల పని’ అంటే వద్దనండి. పాత గొట్టాలు అప్పటికే పల్చబడి ఉంటాయి.

అల్యూమినియం కోర్‌కి (గొట్టాలు, రెక్కలు ఉన్న మధ్య భాగం) ప్లాస్టిక్ ట్యాంకులు పళ్లతో బిగించి ఉంటే మాత్రం కొత్తదే వేయండి. ఏళ్ల తరబడి వేడికి ప్లాస్టిక్ పెళుసుబారి, హోస్ (రబ్బరు గొట్టం) తగిలే మూతి దగ్గర సన్నగా చీలుతుంది. ఎంసీల్ పూసినా, వేడికీ సుమారు 1 బార్ పీడనానికీ ఎక్కువ కాలం ఆగదు. ట్యాంకు మార్చాలన్నా ఒకసారి వంచిన పళ్లు మళ్లీ వంచితే విరిగే అవకాశం ఉంది. లీకు ఆపే పొడుల జోలికి అసలు పోవద్దు. అవి చిల్లుతోపాటు హీటర్ కోర్‌నూ (లోపలి హీటరుకుండే చిన్న రేడియేటర్) పూడ్చేయొచ్చు.

సికింద్రాబాద్ రాణిగంజ్ విడిభాగాల దుకాణాల్లో కొనేటప్పుడు పాతది వెంట తీసుకెళ్లండి. కోర్ మందం, హోస్ మూతులు, ఫ్యాన్ కవర్ బోల్టు రంధ్రాలు పక్కపక్కన పెట్టి సరిచూడండి. ఫ్యాన్ కవర్ బిగించకుండా వదిలేస్తే కొత్త రేడియేటర్‌తోనూ సిగ్నల్ దగ్గర ముల్లు లేస్తుంది. మూత కూడా మార్చండి, కానీ పాత దాని మీద పీడనం 0.9 బార్ అని ఉంటే 0.9, 1.1 ఉంటే 1.1దే వేయండి.

ఒక్క సందర్భంలో రెండూ దండగే. ఇంజను నడుస్తుండగా రేడియేటర్ మూతి నుంచి ఆగకుండా బుడగలు వస్తే హెడ్ గ్యాస్కెట్ (ఇంజను బ్లాకుకీ హెడ్‌కీ మధ్య సీలు) పోయిందని అనుమానించాలి. మూత చల్లని ఇంజను మీదే తీసి, తర్వాత స్టార్ట్ చేసి చూడండి. వేడి మీద తీస్తే మొహం కాలుతుంది.

బిగించడం ఇంట్లోనే చేసుకోవచ్చు. మన బోరు నీళ్లలోని సున్నం గొట్టాల్లో పేరుకుంటుంది, కాబట్టి కడగడానికి కూడా డిస్టిల్డ్ వాటరే వాడండి. కింది కాక్ విప్పినా ఇంజను బ్లాకులో కొంత నీరు ఉండిపోతుంది. అందుకే కడిగాక రెడీమిక్స్ (ముందే నీళ్లు కలిపిన కూలెంట్) పోస్తే పల్చబడిపోతుంది. మాన్యువల్‌లో మొత్తం కొలత చూసి, అందులో సగం కాన్సంట్రేట్ (నీళ్లు కలపని కూలెంట్) ముందు పోసి, మిగతాది డిస్టిల్డ్ వాటర్‌తో నింపండి.

లోపల చిక్కుకున్న గాలి పోవాలంటే బండి ముందు భాగం ఎత్తుమీద పెట్టి, హీటర్ పూర్తి వేడిలో ఉంచి, మూత తీసి ఇంజను నడపండి. థర్మోస్టాట్ (ఇంజను వేడెక్కాక నీళ్లను రేడియేటర్‌కి వదిలే కవాటం) తెరుచుకోగానే పై హోస్ వేడెక్కుతుంది, మట్టం కాస్త దిగుతుంది. అప్పుడు నింపి మూత పెట్టేయండి. తీసిన పాత కూలెంట్ రోడ్డు మీద పారబోయకండి: తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, అది వాటికి విషం. మర్నాడు పొద్దున ఇంజను చల్లగా ఉన్నప్పుడు మట్టం మరోసారి చూసి, తగ్గినంత కలపండి.