సముద్రపు నీటికి పీహెచ్ మీటరు, బ్యూరెట్: చాలాకాలం వాడాక

ఒడిశాలో గోపాల్‌పూర్ తీరం నుంచి ఋషికుల్య నది మొగ దాకా పడవ మీద, బరంపురంలో గదిలో వాడుతూ వస్తున్న సరంజామా ఇది: గాజు ఎలక్ట్రోడ్ ఉన్న చేతి పీహెచ్ మీటరు, ఆల్కలినిటీకి (అంటే ఆమ్లాన్ని తట్టుకునే నీటి శక్తికి) ఆమ్లాన్ని కొలిచి వదిలే పిస్టన్ బ్యూరెట్, 250 మి.లీ. బోరోసిలికేట్ సీసాలు. నీటిలోని కార్బన్ డయాక్సైడ్ లెక్క తేల్చడానికి వీటిలో నమ్మదగ్గవి సీసాలూ బ్యూరెట్టూ. మీటరు ఆ తర్వాతే.

మీటరు తెర మీద మూడో దశాంశం కనిపిస్తే మురిసిపోనక్కర్లేదు. పారిశ్రామిక యుగం మొదలైనప్పటి నుంచి సముద్రపు పైనీటి పీహెచ్ తగ్గిందే సుమారు 0.1. ఇప్పుడు ఏడాదికి దాదాపు 0.002 తగ్గుతోంది. ఎలక్ట్రోడ్ ఒక్క పూటలో 0.02 జారిందంటే పదేళ్ల మార్పు అందులో కొట్టుకుపోయినట్టే.

తప్పు ఎక్కువగా బఫర్లలోనే, అంటే మీటరును సరిచేసే తెలిసిన పీహెచ్ ద్రావణాల్లోనే మొదలవుతుంది. పీహెచ్ 4, 7, 10 పొట్లాల బఫర్లలో ఉప్పు సముద్రపు నీటికంటే చాలా తక్కువ. అందుకే వాటితో సరిచేసిన ఎలక్ట్రోడ్ సముద్రపు నీటికి వాడే పీహెచ్ కొలమానం టోటల్ స్కేలు మీద రావాల్సిన దానికంటే 0.1కి అటూఇటూగా ఎక్కువ చూపిస్తుంది. కృత్రిమ సముద్రపు నీటిలో కలిపిన ట్రిస్ బఫర్ వాడాలి. లవణీయత 35, 25 డిగ్రీల దగ్గర దాని విలువ 8.09. వరదనీరు దిగే రోజుల్లో మొగ దగ్గర ఉప్పు తగ్గిపోతుంది కాబట్టి ఆ బఫరూ అతకదు. అక్కడ ఆటుపోటుతో పీహెచ్ ఎటు కదిలిందో చూసుకోవడానికే మీటరు.

ఉష్ణోగ్రత దిద్దుబాటు బటన్ ఎలక్ట్రోడ్ వాలును (ఒక్కో పీహెచ్‌కు మారే మిల్లీవోల్టులను) మాత్రమే సరిచేస్తుంది, నీటి రసాయనాన్ని కాదు. డిగ్రీ పెరిగితే నీటి పీహెచ్ సుమారు 0.015 తగ్గుతుంది. 29 డిగ్రీల నీటిని 24 డిగ్రీల ఏసీ గదిలో కొలిస్తే 0.07 దాకా తేడా.

వానాకాలపు బురదకు ఎలక్ట్రోడ్ జంక్షన్ (లోపలి ద్రావణం నీటిని తాకే సన్నని దారి) మూసుకుపోతుంది, అంకె నిమిషాల తరబడి పాకుతూనే ఉంటుంది. గోరువెచ్చని 3 మోలార్ పొటాషియం క్లోరైడ్‌లో నానబెడితే చాలాసార్లు తేరుకుంటుంది. కొలిచేటప్పుడు ఎలక్ట్రోడ్‌లో ద్రావణం నింపే రంధ్రం తెరిచి ఉంచాలి. డిస్టిల్డ్ వాటర్‌లో మాత్రం నిల్వ ఉంచొద్దు.

సీసా నింపేటప్పుడు రబ్బరు గొట్టం అడుగుదాకా పెట్టి, బుడగ లేకుండా, కనీసం అర సీసా నీరు పొర్లిపోనివ్వాలి. తర్వాత 2.5 మి.లీ. తీసేసి, సంతృప్త మెర్క్యూరిక్ క్లోరైడ్ 0.1 మి.లీ. వేసి, మూతకు గ్రీజు రాసి బిగించాలి. అది వేయకపోతే ఈ ఎండకు సూక్ష్మజీవులు సీసాలోనే కార్బన్ డయాక్సైడ్ పెంచేస్తాయి. అయితే పాదరసం విషం. కొలిచేసిన నీటిని కాలువలో పోయకుండా వేరే డబ్బాలో దాచి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవాళ్లకే అప్పగించాలి. మొత్తం పద్ధతిలో చిరాకు పెట్టేది ఇదే.

ఆల్కలినిటీ తేల్చే టైట్రేషన్‌కి (ఆమ్లం కొద్దికొద్దిగా కలిపి కొలవడానికి) 0.6 మోలార్ ఉప్పునీటిలో కలిపిన 0.1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం. పీహెచ్ 3.5 దాకా దించి, గాలి బుడగలతో కార్బన్ డయాక్సైడ్ తరిమేసి, చిన్న చిన్న మోతాదుల్లో 3 దాకా వెళ్లాలి. ఇక్కడ మిల్లీవోల్టుల మార్పుతోనే పని కాబట్టి, బఫర్ల దగ్గర విసిగించిన అదే ఎలక్ట్రోడ్ చక్కగా నడుస్తుంది. బ్యూరెట్ గొట్టంలో బుడగను మాత్రం వదలొద్దు: 100 గ్రాముల నీటికి 0.01 మి.లీ. ఆమ్లం తేడా వస్తే కిలోకు 10 మైక్రోమోల్స్ తప్పు. సముద్రపు నీటి ఆల్కలినిటీయే 2300 ప్రాంతంలో ఉంటుంది. ఆమ్లం గాఢతను అమెరికాలోని స్క్రిప్స్ సముద్ర పరిశోధన సంస్థ వాళ్ల ప్రమాణ నీటితో సరిచూసుకోవాలి.

మళ్లీ డబ్బు పెట్టాల్సి వస్తే కొత్త మీటరు వద్దు. పీహెచ్‌ను బట్టి మారే మెటా-క్రెసాల్ పర్పుల్ అనే రంగు, 434, 578 నానోమీటర్ల దగ్గర చదివే స్పెక్ట్రోఫోటోమీటరు మేలు. రంగు శుద్ధి చేసినదే కొనాలి. మొగ నీటికి 730 నానోమీటర్ల దగ్గర కూడా చదివి బురద మసకను తీసేయాలి.