హాంకాంగ్‌లో ఫిలిప్పీన్స్ ఇంటిపనివారికి అండ: సేవాసంస్థా, స్వదేశ ప్రభుత్వ కార్యాలయమా?

ఒప్పందం రద్దయితే సాధారణంగా రెండు వారాల్లో హాంకాంగ్ విడిచి వెళ్లాలి కనుక, ముందుగా ఎవరిని ఆశ్రయించాలన్నది తేల్చుకోక తప్పదు.

ఖర్చు: 1981లో మొదలైన సేవాసంస్థ మిషన్ ఫర్ మైగ్రెంట్ వర్కర్స్ ఉచితంగా సలహా ఇస్తుంది, ఫిలిప్పీన్స్ ప్రభుత్వ సంక్షేమ సంస్థ ఓడబ్ల్యూడబ్ల్యూఏ సభ్యత్వానికి రెండేళ్లకు 25 అమెరికన్ డాలర్లు చెల్లించాలి.

ఆశ్రయం: యజమాని ఇంట్లోనే నివసించాలన్న నిబంధన వల్ల ఉద్యోగంతోపాటు ఆ రాత్రికి తలదాచుకునే చోటు కూడా పోతుంది, అందుకే 1986లో ఏర్పడిన సేవాసంస్థ బెతూన్ హౌస్ వంటి ఆశ్రయాన్ని నేను అన్నిటికంటే మిన్నగా భావిస్తాను.

అధికారం: పనిలో చేర్చిన మనీలా ఏజెన్సీ లైసెన్సుపై చర్య తీసుకోగలిగింది ఫిలిప్పీన్స్ ప్రభుత్వమే.

జీతం బకాయిలు, వేధింపులు ఉన్నప్పుడు సేవాసంస్థ మేలు. ఏజెన్సీ అక్రమ వసూళ్లకు, పాస్‌పోర్టు సమస్యకు, స్వదేశ ప్రయాణానికి ప్రభుత్వ కార్యాలయమే తగినది.